నిచ్చెన తీసేసిన తొట్టి

నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకే ఆ కాగితం సరిగ్గా అర్థం కాలేదు అని రేపు నేను తప్పించుకోవచ్చు. అది అబద్ధం. అందులోని ప్రతి మాటా నాకు అర్థమైంది. అర్థమయ్యే దాచాను. ఈ సంగతి ఇంతవరకు నేను పైకి అనలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా.

మాది బంగారుపాళ్యం. మా నాయన గురప్ప మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా ఇంటి వెనక గోడ దాటితే ఫ్యాక్టరీ వాళ్లు తొక్కలు పారబోసే గుంత. కాయల కాలమంతా ఇంట్లో పులిసిన మామిడి వాసనే. నేను ఎనిమిదితో బడి మానేశాను. ఆ తర్వాత కాయలు చుట్టడానికి వచ్చే పాత ఇంగ్లీషు పేపర్లు, ఒక అట్ట చిరిగిన డిక్షనరీ, వీటితోనే నా చదువు. ఇంట్లో మాత్రం నేను పెద్ద పండితురాలిని. ఇంగ్లీషు ముక్క ఏది కనబడినా నాయన నా చేతికే ఇస్తాడు.

నా చెల్లెలు పంకజాక్షి. పంకజం అంటాం. డెబ్బై నాలుగులో పుట్టింది, ఇప్పుడు తొమ్మిదేళ్లు. రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఇనప కడ్డీలున్న బూటు వేసుకుని నడుస్తుంది. కుడికాలు నిండుగా పడుతుంది, ఎడమది బొటనవేలు నేలకు గీసుకుంటూ వస్తుంది. చీకట్లో కూడా ఆ చప్పుడును బట్టి తను ఏ గదిలో ఉందో చెప్పగలను.

దాన్ని ఛాతీ లోతు నీళ్లలో రోజూ గంటసేపు నడిపిస్తే ఆ కాలికి బలం రావచ్చునని వేలూరు డాక్టరమ్మ చెప్పింది. బావిలో నడిపించలేం కదా. నాయన సరుగుడు కట్టెలు పాతి, వాటి మధ్య లారీ టార్పాలిన్ కట్టి నీళ్లు నింపినాడు. పదకొండో రోజు అది చినిగి పెరడంతా నీళ్లు, పంకజం బురదలో. అమ్మ ఏడుస్తుంటే అది పకపకా నవ్వింది.

ఆ తర్వాత నాయన మద్రాసు పాత సామాన్ల అంగడిలో ఒక తొట్టిని పట్టినాడు. ఈత తొట్టి. తవ్వే పని లేకుండా నేల మీదే నిలబెట్టుకునేది. పొడుగాటి ఇనప రేకు చుట్ట, దాన్ని నిలబెట్టే కింది వలయం, లోపల పరిచే నీలం రబ్బరు గుడ్డ, తొట్టి అంచుకు రెండు పక్కలా దిగేటట్టు తగిలించుకునే నిచ్చెన. గుజ్జు డబ్బాలు దించి తిరిగొచ్చే లారీలో ఎక్కించుకొచ్చినాడు.

బిగించడానికి మూడు రోజులు పట్టింది. నాయనకు తోడు ఫ్యాక్టరీ చెంగయ్య మామ వచ్చినాడు. నేలలో రాయి అన్నది లేకుండా ఏరి, జల్లించిన ఇసుక పోసి, నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూసినారు. రబ్బరు గుడ్డను మెత్తబడేదాకా ఎండలో వేసి, తూట్లున్న చోట సైకిలు ట్యూబు ముక్కలు అతికించినారు.

"ఏమప్పా గురప్పా, ఫిట్టరు ఇంట్లో ఈత తొట్టి. ఇంక మాకు చీటీ రాసిచ్చినాకే లోపలికి రానిస్తావేమో," అన్నాడు చెంగయ్య మామ.

"నువ్వు ముందు ఆ బోల్టు తిప్పబ్బా. నువ్వు దిగితే నీళ్లు మురికవుతాయని చీటీ లేకుండానే చెప్తాండా."

రెండో రోజు మధ్యాహ్నం, రబ్బరు గుడ్డ మడతల్లో నాకు ఆ కాగితం దొరికింది. చేతిరాత. మద్రాసు పెరంబూరులో ఉండే ఐరిస్ అనే ఆవిడ రాసింది. అందులో ఉన్నది ఇంతే.

రేకు లోపలి వైపు, పై అంచున ఒక ఇత్తడి పలక ఉంటుంది. దాని మీద ముగ్గురు పిల్లల పేర్లున్నాయి. మూడోది మా ఐలీన్‌ది. దయచేసి ఆ కింద ఇంకో పేరు రాయకండి. మా పాప కాలు బాగైంది. అందుకే తొట్టి అమ్మేస్తున్నాం. ఒకవేళ మీరు పేరు రాసి ఉంటే, నీళ్లు తీసేసే ముందు నాకు ఫోన్ చేయండి. దాని కింద నంబరు.

"ఏముందే దాంట్లో?" అన్నాడు నాయన.

"బోల్టులు ఎట్ల బిగించాల్నో రాసుండారు నాయనా."

అన్నాను. ఎంత సులువుగా అన్నానో. నాయనకు ఇలాంటి వాటి మీద గురి ఎక్కువ. నిజం చెబితే ఆ సాయంత్రమే రేకు చుట్టేసి లారీకి ఎక్కించేస్తాడు. నాకు మాత్రం ఆ కాగితంలో ఒక్క ముక్కే కనబడింది. మా పాప కాలు బాగైంది.

మూడో రోజు అమ్మ ఆ ఇత్తడి పలక చూసింది. ఇంగ్లీషు అక్షరాల్లో మూడు పేర్లు. రూబెన్, శాంత, ఐలీన్. గీరినట్టుగా ఉన్నాయి, లోపల నల్లగా చిలుం.

"పరాయి వాళ్ల పేర్లుండే తొట్టిలోకి బిడ్డను దించుతామా?" అంది అమ్మ. "మునిరామయ్యను పిల్చకరా. మన బిడ్డ పేరు కొట్టిస్తాం."

మా ఇంట్లో అదే అలవాటు. పాత బిందె కొన్నా, పాత గుండు చెంబు కొన్నా పేరు కొట్టించిన తర్వాతే అది పొయ్యి దగ్గరికి వస్తుంది. పేరు పడితేనే సామాను మనదైనట్టు. బిందెల మీద పేర్లు చెక్కే మునిరామయ్య ఉలి, చిన్న సుత్తి తెచ్చుకుని ఖాళీ తొట్టిలో గొంతుక్కూర్చున్నాడు.

"పంకజాక్షా? ఇంత పొడుగు పేరు పెట్టినారేమ్మా వరదమ్మా. కుప్పమ్మ అని పెట్టింటే ఈ పాటికి ఇంటికాడ ఉందును," అన్నాడు అమ్మతో.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వాను. టిక్ టిక్ టిక్ అని సుత్తి పడుతుంటే నేను రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. వద్దు అని ఒక్క మాట చాలు. అది ఎవరో దొరసాని పిచ్చి నమ్మకం అని నాకు నేను చెప్పుకున్నాను. కాగితం మాత్రం పారేయలేదు. నా ట్రంకు పెట్టె అడుగున పేపరు కింద పెట్టాను.

మరుసటి రోజు మోటారు వేసి నింపినారు. తొట్టి చుట్టూ లోపల తాడు కట్టినాడు నాయన, పట్టుకుని నడవడానికి. ఒక్కటే కట్టడి పెట్టినాడు. "నడక అయిపోతానే నిచ్చెన పైకి తీసి పెరటి గోడకు ఆనించాల. పక్కింటి పిల్లోళ్లు ఎక్కి పడితే ఎవురు జవాబు చెప్పేది?"

నిచ్చెన తీయడం నా పని.

వారం తిరిగేసరికి పంకజం తాడు వదిలేసింది.

"బాగుండాదా?" అని అడిగాను.

"బాగుండాది అక్కా. అడుగున ఎవురో నా కాలు పట్టుకుని ఎత్తి ఎత్తి పెడతాండారు."

"నీళ్లు అట్లనే ఉంటాయి. తేలినట్టు ఉంటాది."

"నీళ్లకు వేళ్లుంటాయా?" అంది అది. నవ్వుతూనే అంది.

నేను దాన్ని ఆ రోజే ఆపాల్సింది. కానీ కాలు నిజంగా బాగవుతోంది. పిక్కలో కండ చేతికి తగులుతోంది. ఎనిమిదేళ్లుగా ఏ నూనెతోనూ, ఏ మొక్కుతోనూ రాని కండ. నేను ఆపలేదు.

పోయిన శుక్రవారం సాయంత్రం. నాయన షిఫ్టులో ఉన్నాడు, అమ్మ చిత్తూరు పోయి ఇంకా రాలేదు. పంకజం నీళ్లలో ఉంది. నేను తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. వెలుతురు సన్నగిల్లుతోంది. ఫ్యాక్టరీ మిషన్ల హోరు, మామిడి తొక్కల పులుపు వాసన, ఆ వాసన కింద తడి రబ్బరుది.

కరెంటు పోయింది.

ఫ్యాక్టరీ ఒక్కసారిగా ఆగిపోతే ఊరంతా చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో నీళ్ల చప్పుడు వినిపించింది. ఒక నిండు అడుగు... ఒక ఈడ్పు. ఒక నిండు అడుగు... ఒక ఈడ్పు.

"చాలు పంకజం, ఎక్కిరా."

"ఇంకొక్క సుట్టు అక్కా."

సరే, అంతలో లాంతరు వెలిగించుకొస్తానని లోపలికి వెళ్లాను. అగ్గిపెట్టె వెతకడం, చిమ్నీ తుడవడం. ఎంతసేపు... మూడు నిమిషాలు? నాలుగు?

తిరిగి వచ్చేసరికి చప్పుడు లేదు.

లాంతరు ఎత్తి చూశాను. నీళ్లు కదలడం లేదు. నల్లగా, పళ్లెంలో పోసినట్టు. మనిషి నడిచిన నీళ్లు అంత తొందరగా ఆగవు.

"పంకజం..."

లాంతరును నీళ్ల మీదికి వంచాను.

"పంకజం, ఆటలొద్దు. భయమేస్తాంది."

నిచ్చెన దగ్గర నీళ్లు చీలాయి. తల పైకి వచ్చింది. ముఖమంతా జుట్టు. నేను చెయ్యి చాచాను. అది నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి దిగింది. కుడికాలు, ఎడమకాలు. కుడికాలు, ఎడమకాలు.

నేల మీద నిలబడింది. బూటు లేకుండా. తర్వాత ఇంట్లోకి నడిచింది.

తిన్నగా.

ఏడుపొచ్చింది. గచ్చు మీద తడి అడుగులు వరసగా, రెండూ నిండు పాదాలు. అప్పుడే... నా వీపు వెనక, తొట్టిలో... ఒక నిండు అడుగు. ఒక ఈడ్పు.

కదిలిన నీళ్లు గోడకు తగులుతున్నాయి అనుకున్నాను. లేదు, నిజం రాయాలి. అట్లా అనుకుందామని నిర్ణయించుకున్నాను. వెనక్కి తిరగలేదు. వెనక్కి చాచిన చేత్తోనే నిచ్చెన లాగి, తీసుకెళ్లి గోడకు ఆనించాను.

ఆ తర్వాత మా ఇల్లు పెళ్లిల్లు. అమ్మ వీధంతా పొంగలి పంచింది. నాయన దాన్ని బజారు దాకా నడిపించుకుని పోయినాడు, అందరూ చూడాలని. చెంగయ్య మామ కళ్లు తుడుచుకున్నాడు. ఇనప బూటును అమ్మ పసుపు కుంకుమ పెట్టి నడవలో మేకుకు తగిలించింది, దేవుడికి చూపించుకునే గుర్తుగా.

శనివారం ఆ బూటు వైపు చూసి అది నన్ను అడిగింది.

"అక్కా, అది ఎవురిది?"

నేను నవ్వబోయాను. అది నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది.

పంకజం రాత్రిళ్లు చల్లటి ఎడమకాలు నా కడుపు మీద వేసి నిద్రపోయేది. ఇప్పుడు నా పక్కన ఉన్నది రెండు కాళ్లూ దగ్గరగా జాపుకుని, పొద్దుటి దాకా కదలకుండా పడుకుంటుంది. తొట్టి వైపు పోదు. పెరటి తలుపు కూడా తీయదు. ఈ సాయంత్రం అన్నం తింటూ నాయనతో అంది.

"ఆ తొట్టి తీసేయ్ నాయనా. నాకు ఇంక పని లేదు కదా."

"తీసేస్తాంలే తల్లీ. రేపు పొద్దున్నే చెంగయ్య వస్తాడు. నీళ్లు మామిడి చెట్లకు వదిలేస్తాం."

అది తల ఊపింది. నా వైపు చూసి ఊపింది.

ఇప్పుడు అందరూ నిద్రపోయారు. నేను వంటింట్లో దీపం పెట్టుకుని ఇది రాస్తున్నాను. కిటికీ అవతలే తొట్టి. ఐదు రోజులుగా వింటున్నాను, చెవుల మీద దిండు పెట్టుకుని. ఈ రోజు దిండు పెట్టుకోలేదు.

నలుగురు నడుస్తున్నారు.

ఒకరిది రెండు కాళ్లూ ఈడ్చే నడక. ఒకరిది మడమ మీద బరువేసేది. ఒకరిది గెంతు. నాలుగోది... ఒక నిండు అడుగు, ఒక ఈడ్పు. అది వెనకబడుతోంది. అది వెనకబడినప్పుడు మిగతావి ఆగుతున్నాయి. అది కలిసిన తర్వాత మళ్లీ నడుస్తున్నాయి.

ఆ నడక నాకు తెలుసు. చీకట్లో కూడా తెలుసు.

కాసేపటి క్రితం ట్రంకు తెరిచి కాగితం తీశాను. మళ్లీ చదివాను. మా పాప కాలు బాగైంది. అందుకే తొట్టి అమ్మేస్తున్నాం. మొదటిసారి చదివినప్పుడు అది సంతోషం అనుకున్నాను. ఇప్పుడు చదివితే ఆ అక్షరాల్లో సంతోషం ఎక్కడా లేదు.

నాయనను లేపి చెప్పాలంటే కాగితం చూపించాలి. చూపిస్తే ఆయన ముందు నన్ను చూస్తాడు, ఆ తర్వాత పక్కగదిలో పడుకున్న దాన్ని. మళ్లీ కుంటి కాలు కావాలని ఏ నాయన కోరుకుంటాడు? ఏమో. నేను కోరుకుంటున్నాను.

ఫ్యాక్టరీ ఆఫీసులో ఫోనుంది. రాత్రి కాపలా తిరుమలయ్య తాత నాకు తలుపు తీస్తాడు. మద్రాసుకు ట్రంక్ కాల్ బుక్ చేస్తే కలిసేసరికి తెల్లవారుతుందేమో. చెంగయ్య మామ ఆరు గంటలకు వస్తాడు.

కాగితం జాకెట్లో పెట్టుకుని లేచాను. నడవలోకి వచ్చి దీపం ఎత్తాను.

మేకుకు ఇనప బూటు లేదు.

మేకు మీద పసుపు ఉంది. దాని కింద గోడ తడిగా ఉంది. గదిలోకి తొంగి చూశాను. అది పడుకునే ఉంది, రెండు కాళ్లూ దగ్గరగా జాపుకుని. పెరటి తలుపు గడియ వేసే ఉంది. నిచ్చెన కిటికీలోంచి కనబడుతోంది, నేను ఆనించిన చోటే, పొడిగా.

తొట్టిలో నడక మారింది.

ఒక నిండు అడుగు... రేకుకు ఇనుము తగిలిన చప్పుడు. ఒక నిండు అడుగు... మళ్లీ ఇనుము.

వంటింటికి తిరిగి వచ్చి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. బయటికి పోతానే ముందు నిచ్చెన తొట్టికి తగిలిస్తాను. తర్వాత ఆఫీసు. ఐరిస్‌గారు ఫోన్ ఎత్తితే నా ఇంగ్లీషు గురించి సిగ్గుపడను. ఒక్కటే అడగాలి. మీరు నీళ్లు తీసేసినప్పుడు లోపల ఎవరైనా పిలిచారా అని.

ఫోన్ చేస్తాను. ఇప్పుడే.