తవ్వని సమాధి

నసారియో చేసిన మొదటి తప్పు ఆ కుండపెంకును చొక్కాతో తుడవడం. రెండో తప్పు దాన్ని నవ్వుతూ తీసుకెళ్ళి డెలియా చేతిలో పెట్టడం.

పెంకు మీద ఎర్రరంగు పక్షి బొమ్మ ఉంది. దిబ్బ మీద పని మొదలుపెట్టాక అంత అందమైన ముక్క దొరకలేదు. డెలియా దాని వైపు చూడనైనా చూడలేదు.

"ఎక్కడ తీశావు?"

"అక్కడ."

"అక్కడంటే?"

అతను చెయ్యి ఊపాడు. ఆ ఊపులో సగం దిబ్బ వచ్చింది.

"దారాలు కట్టిన ఏ గడిలో, ఎంత లోతులో? పక్కన ఉన్నది బూడిదా, ఇసుకా? పొద్దున దాకా ఇది ఎవరింటి సంగతో చెప్పేది. ఇప్పుడు ఒట్టి పెంకు."

కూలీలు నవ్వారు. నసారియోకి చెవులు కాలాయి. ఆమె అతన్ని ఒకే గడిలో మూడు రోజులు కూర్చోబెట్టింది. చేతిలో తాపీ, కుంచె. పలుగు ముట్టుకోవద్దంది.

పెరూ ఉత్తర తీరాన పంపా సేకా చిన్న పల్లె. చుట్టూ ఇసుక, అల్గరోబో చెట్లు, మధ్యలో పాతకాలపు రాజులు కట్టిన మట్టిదిబ్బ. దాన్ని వాకా అంటారు. ఆ ఊళ్ళో మగవాళ్ళు నడక నేర్చాక రెండోదిగా నేర్చేది దాన్ని దొంగతనంగా తవ్వడం. దిబ్బ ఒళ్ళంతా గోతులే. తవ్వినవాడు ఎవడూ బాగుపడలేదు. అయినా ఎవడూ మానలేదు.

డెలియా త్రుహియో నగరం నుంచి వచ్చిన పురావస్తు శాస్త్రవేత్త. ప్రభుత్వ పర్మిట్, దారాలు, కొలతబద్ద, ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఊరు ఆమెకు డాక్టరమ్మ అని పేరు పెట్టింది. చచ్చినవాళ్ళ డాక్టరు అన్నవాడు నసారియో బాబాయి కసియానో.

మూడు రోజుల శిక్ష మూడు వారాలు సాగింది. ఆమె పొమ్మనలేదు, అతను పోలేదు. మట్టి రంగులు చెప్పింది: ఇది అడుగుపెట్టి తొక్కిన నేల, ఇది పొయ్యి, ఇది గాలి తెచ్చిన ఇసుక. రెండోసారి చెప్పే పని పడలేదు. ఎక్కడ నేల బిగువుగా ఉందో, ఎక్కడ తవ్వి పూడ్చారో అతని వేళ్ళకే తెలిసిపోయేది. ఎలా తెలుస్తోందని అడిగితే ఊరికే అలా అనిపించిందన్నాడు.

"అబద్ధం," అంది డెలియా, కుంచె ఆపకుండా. "నీ కుడి అరచేతిలో చువ్వ పట్టి కాసిన కాయ ఉంది. మొదటి రోజే చూశాను."

దొంగతవ్వకం వాళ్ళ పనిముట్టు ఆ చువ్వ. భూమిలోకి నిలువుగా దింపుతారు, పైకి లాగి కొన వాసన చూస్తారు. సమాధి వాసన వేరు.

"మరి పనిలోంచి తీసెయ్యలేదేం?"

"నువ్వే మానేస్తావేమోనని చూస్తున్నాను."

"పనా, చువ్వా?"

ఆమె కుంచె ఆపి తలెత్తింది. అప్పుడు చూసిన చూపును అతను ఇంటిదాకా మోసుకెళ్ళాడు. ప్రేమలో పడ్డవాడికి బరువు తెలియదు, బుద్ధీ ఉండదు.

అతని దగ్గర ఒక రహస్యం ఉంది. కిందటేడు దిబ్బ దక్షిణపు వాలు మీద అతని చువ్వకు ఒక సమాధి తగిలింది. పైన వేసిన దూలాలు చెక్కుచెదరలేదు. ఎవరూ ముట్టనిది. దాన్ని తవ్వి మూడు చక్రాల టాక్సీ కొనుక్కుందామని ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. ఈస్టర్‌కు ముందు పవిత్రవారంలో బుధవారం నాడు, డెలియా సామాను సర్దుకుంటుంటే, తీసుకెళ్ళి ఆ చోటు చూపించాడు. ఈసారి ఏమీ కదపలేదు, తుడవలేదు.

డెలియా మోకాళ్ళ మీద కూర్చుంది. అరచెయ్యి నేలకు ఆనించి చాలాసేపు ఉంది. తరువాత కొలిచింది, పుస్తకంలో రాసుకుంది. చువ్వ చేసిన కన్నం పూడ్చేయమంది.

"తవ్వరా?"

"తవ్వను."

"ఎవరికీ చెప్పలేదు. మీకే ఇచ్చాను."

"అందుకే తవ్వను. శనివారంతో పర్మిట్ అయిపోతుంది. ఇప్పుడు తెరిస్తే లోపలి గుడ్డ, చెక్క మూడు రోజుల గాలికి పొడి అవుతాయి. పైన కప్పు వెయ్యాలి, కాపలా ఉండాలి, వాటిని కాపాడే మనుషులు రావాలి. అవన్నీ లేకుండా తెరిస్తే నాకూ మీ బాబాయికీ తేడా ఏముంది?"

ఆమె చెప్పినదంతా నిజం. అతనికి వినపడింది మాత్రం శనివారం ఒక్కటే. ఆమె వెళ్ళిపోతుంది. తన చేతిలో ఉన్నదంతా తీసి ఇస్తే మళ్ళీ పూడ్చమంది. గురువారం అతను పనికి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం కసియానో అతని ముందు చీచా కల్లు పెట్టి కూర్చున్నాడు. తెల్లవారితే గుడ్ ఫ్రైడే. ఆ రోజు వాకా దానంతటది పైకి లేచి తలుపు తెరుస్తుందని ఊరి నమ్మకం. ఏడాది పొడుగునా తవ్వనివాళ్ళు కూడా ఆ రోజు తవ్వుతారు.

"నీకు ఒక చోటు తెలుసు," అన్నాడు కసియానో. "కిందటేడు ఇదే రోజు తవ్వకం నుంచి అందరికంటే ముందు ఇంటికొచ్చావు. ఏమీ దొరకనివాడు అంత తొందరగా రాడు. మీ నాన్న గోతిలో కూరుకుపోయాక నిన్ను పెంచినవాణ్ణి. నువ్వు తిన్న ప్రతి ముద్దా ఈ చువ్వ కొనకు తగిలి వచ్చిందేరా."

నసారియో కాదనలేకపోయాడు. అదీ నిజమే.

పొద్దున బాబాయితో, ఇంకో నలుగురితో బయలుదేరాడు. వాళ్ళను ఉత్తరం వైపు తిప్పుదామనుకున్నాడు. తీరా దిబ్బ దగ్గరికి వెళితే దక్షిణపు వాలు మీద డెలియా గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో అన్నం, ఎండుచేపల గిన్నె. సరిగ్గా సమాధి మీద.

కసియానో నవ్వాడు. ఇంత చదువుకున్న పిల్ల ఇంత అమాయకురాలేమిటన్నాడు. ఇంత పెద్ద దిబ్బ మీద ఎక్కడ తవ్వాలో గొడుగు పాతి మరీ చూపించిందన్నాడు.

డెలియా ముఖం పాలిపోయింది. కాపలా కాయడానికి వచ్చి చోటు పట్టించింది. ఆమె లేవలేదు. నసారియో వైపు మాత్రం చూసింది.

నసారియో చువ్వ కింద పెట్టి వాలెక్కాడు. ఆమె పక్కన కూర్చున్నాడు.

"లేరా," అన్నాడు కసియానో.

"లేవను బాబాయ్."

"మీ నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు."

"నాన్న తీసిన కుండలు నలభై ఉంటాయా? ఒక్కటి ఎక్కడుందో చెప్పు. ఏ గోతిలోంచి తీశాడో చెప్పు. వాటి కోసం చచ్చిపోయాడు. ఆయన పేరు వాటిలో దేని మీదా లేదు."

నలుగురూ పారలు పట్టుకుని ఇసుక వైపు చూశారు.

డెలియా నోటుపుస్తకం తెరిచి బుధవారం పేజీ కసియానో ముందు పెట్టింది. తనకు అక్షరాలు రావని, చదవమని కసియానో విసుక్కున్నాడు. ఆమె చదివింది. దక్షిణపు వాలు, దూలాల కప్పు, చెక్కుచెదరని సమాధి. కనుగొన్నది: నసారియో యొంతోప్, పంపా సేకా.

"ఆ పేరు మళ్ళీ చదువు," అన్నాడు కసియానో.

ఆమె మళ్ళీ చదివింది. అది అతని అన్న ఇంటిపేరు కూడా.

ముసలాయన ఒక అడుగు ముందుకు వేశాడు. లోపల ఏముందని అడిగాడు. తెలియదంది. ఎప్పుడు తెలుస్తుందన్నాడు. వచ్చే ఏడాది పర్మిట్ రావాలి, తెరవడానికి రెండేళ్ళు, దొరికినవి చదవడానికి, రాయడానికి ఇంకో ఏడెనిమిదేళ్ళు పడుతుందంది.

"పదేళ్ళా?"

"తక్కువలో తక్కువ."

నసారియో తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె తిరిగి వస్తుందన్న మాట, బుధవారం నాడు వినపడనిది, ఇప్పుడు వినపడింది.

"పదేళ్ళు ఇక్కడే ఉంటావా అమ్మాయీ?" అన్నాడు కసియానో.

"ఉండాలి. మధ్యలో వదిలి వెళ్ళే పని కాదు."

"ఎవరింట్లో?"

"అది నసారియో చెప్పాలి," అంది డెలియా. ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది.

నసారియో చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి అందులో పెట్టింది. చువ్వ కాయ మీద వేలు ఆపింది.

కసియానో నలుగురినీ ఉత్తరం వైపు కూడా కాదు, ఇంటికే పొమ్మన్నాడు. వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. అతను ఆయాసపడుతూ వాలెక్కి, సమాధికి ఇంకో పక్కన కూలబడ్డాడు. ఆమె గిన్నెలోంచి ఎండుచేప ముక్క తీసుకుని నమిలాడు.

"నిమ్మరసం చాల్లేదు," అన్నాడు. "పదేళ్ళు ఇది తినలేను. మా వదిన ఎలా చేసేదో రేపు నేర్పిస్తాను. పెళ్ళికి ముందే నేర్చుకోండి, ఇద్దరూను."