రెండు కాళ్ళ గిట్టలు

ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో. ఈ మధ్య పొద్దున తాగిన సూపేమిటో సాయంత్రానికి గుర్తుండటం లేదు. అందుకే ఇది పూర్తిగా చెరిగిపోకముందే రాసి పెడుతున్నాను. అమ్మ నోట విన్నదే.

మా ఒహాయో ఊళ్ళో, మూతబడ్డ బీరు కార్ఖానా వెనక, మంచుగడ్డలు దాచే రాతి కొట్టు ఒకటుండేది. మద్యనిషేధం వచ్చాక దానికి చెడ్డపేరొచ్చింది. మంచు కురిసిన రాత్రి తెల్లారితే అక్కడ గిట్టల గుర్తులు... ఆవు గిట్టలే. కానీ నాలుగు కాదు — రెండు. మనిషిలా అడుగులో అడుగేసుకుంటూ నడిచిన ఆవు!

సాతాను తిరుగుతున్నాడన్నారు పాస్టరుగారు. మా అమ్మ థిర్జా నమ్మింది. మద్యం మానిపించే ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. గుండె మీద తెల్ల రిబ్బను, చేతిలో గొడ్డలి. ఊళ్ళో చాలా పీపాలు ఆ చేతితోనే పగిలాయి.

ఆ జనవరిలో తమ్ముడు ఆర్లోకి నెమ్ము చేసింది. నాలుగేళ్ళవాడు. పెదాలు నీలం తిరిగాయి. నాన్న ఎమెట్ రైలు స్టేషన్లో రాత్రి డ్యూటీకి వెళ్ళాడు — నాకలాగే గుర్తు.

"గుండె నిలబడాలంటే చెంచాడు విస్కీ పడాలి థిర్జా," అన్నాడు డాక్టరు. "కానీ మందుగా విస్కీ రాయడానికి ఈ మూడు నెలలకి సర్కారు ఇచ్చిన చీటీలన్నీ రాసేశాను. ఒక్కటీ మిగల్లేదు."

అమ్మ లాంతరు తీసుకుని బయలుదేరింది. మొదట మంగలి క్రాట్జ్ తలుపు కొట్టింది.

"విస్కీనా? మా ఇంట్లోనా?" అన్నాడతను. "నా సీసాలన్నీ మీరే కదమ్మా కాలవలో పోయించింది? వేలితో నాకించడానికైనా చుక్క ఉంచారా?"

పక్కింటామె తలుపు సందులోంచే, "మేమంతా తాగబోమని తమరి కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళం. మమ్మల్ని పరీక్షించడానికొచ్చారా?" అంది.

అలా తొమ్మిది తలుపులు. నిజంగా లేనివాళ్ళు కొందరు... ఉండీ భయపడ్డవాళ్ళు కొందరు. ఆ భయం పెట్టింది తనే!

ఇంక మిగిలింది ఒక్కటే చోటు.

కొత్త మంచు మీద గిట్టల గుర్తులు — రెండే రెండు — తిన్నగా రాతి కొట్టు దాకా. అమ్మ వాటి వెంటే నడిచింది. తలుపు తట్టింది.

లోపల గుసగుస...

"ఎవరు?"

"థిర్జాని."

"రిబ్బనమ్మవా? ఈసారి గొడ్డలి తేలేదే?"

"నా కొడుకు పోతున్నాడయ్యా..."

లోపల గడియ తీసిన చప్పుడు. తర్వాత తలుపు కాస్త తెరుచుకుని, చీకట్లోంచి ఒక చెయ్యి సీసా చాపింది.

"పిచ్చుకకి గంటకో చెంచా. గోరువెచ్చటి నీళ్ళలో."

పిచ్చుక — ఆర్లోని అలా పిలిచేది ఇంట్లో మేమే. బయట ఎవరికీ తెలియదు.

అమ్మ లాంతరు కిందికి దించింది. తలుపు సందులో... గిట్టలు.

"నువ్వెవరైతేనేం," అంది అమ్మ. "ఇటివ్వు."

ఆర్లో బతికాడు. కానీ అమ్మ వాణ్ణి చీకటి పడ్డాక గడప దాటనివ్వలేదు. ముప్ఫై ఏళ్ళవాడయ్యాక కూడా! "దానికి వీడి పేరు తెలుసు," అనేది.

నాన్న పోయాక ఆయన పనిముట్ల పెట్టె తెరిచాను. అడుగున చెక్కతో చేసిన రెండు గిట్టలు, బూటు కింద కట్టుకోవడానికి తోలు పట్టీలు. పోలీసులకి మనిషి అడుగు దొరక్కుండా దొంగసారా మోసేవాళ్ళు కట్టుకునేవారట. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పరిగెత్తి అమ్మ ఒళ్ళో పెట్టాను.

"దెయ్యం కాదమ్మా! నాన్న! ఇన్నేళ్ళూ ఊరికే భయపడ్డావు!"

అమ్మ వాటిని చేత్తో తడిమింది.

"మీ నాన్నవే. ఎప్పుడో చూశాను, చూడనట్టు ఊరుకున్నాను," అంది. "కానీ ఆ వారమంతా మీ నాన్నకీ అదే జ్వరం. పిల్లాడి పక్క మంచం మీదే ఒళ్ళు తెలియకుండా పడున్నాడు."

లూయెల్లా అక్కా, ఇది నీకే పంపుతున్నాను. ఈ పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. మంగలి పేరు క్రాట్జేనా? నాకప్పుడు ఆరేళ్ళు, నీకు పదకొండు. అమ్మ తిరిగొచ్చేదాకా తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నది నువ్వే.

ఆ గుడ్డ ఒక్క నుదుటి మీదే వేశావా అక్కా... రెండింటి మీదా?