బ్లూ లార్క్ గని దారిలో చేతులు

సిల్వర్టన్ ఊరి పైన కొండల్లో ఆస్పెన్ చెట్లు ఆకులన్నీ రాల్చేసి బోసిగా నిలబడ్డాయి. రేపటి నుంచి మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. పడితే కొండదారికి గేటు వేసేస్తారు. మళ్లీ జూన్‌లోనే తీయడం. అందుకే ఆ మధ్యాహ్నం ఎల్డన్, అతని భార్య వెర్నా జీపులో బయలుదేరారు.

కిందటేడు ఇదే రోజుల్లో వాళ్ల కొడుకు కోరీ పాత బ్లూ లార్క్ గని దగ్గర మాయమయ్యాడు. వాడి జీపు దొరికింది. ఇంజను నడుస్తూనే ఉంది. నారింజ రంగు చొక్కా వేసుకెళ్లిన మనిషి లేడు. పాతిపెట్టుకోవడానికి ఒక్క ఎముకైనా దొరికితే చాలని వెర్నా వేసవంతా వెతికింది.

"కాఫీ అంతా నువ్వే తాగేశావా?" అంది.

"నీ కాఫీ తాగాలంటే గుండె ధైర్యం ఉండాలి. నాకు లేదు."

"ఇన్నేళ్లూ తాగి బతికే ఉన్నావుగా, ముసలోడా."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

ఆ దారికి ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు. మలుపుల్లో జీపు ముక్కు తప్ప నేల కనిపించదు. అలాంటి చోట ఒకరు దిగి, జీపుకేసి తిరిగి, వెనక్కి నడుస్తూ చేతులతో దారి చూపాలి. నడిపేవాడు ఆ చేతుల్నే చూడాలి. ఎల్డన్ నియమం తప్పని మనిషి. కొడుక్కీ అదే నేర్పాడు. "చేతులు చూపిందే దారి. నీ కళ్లు చెప్పేది వినకు."

గని రాయి దంచే పాత మిల్లు దాటాక మబ్బు కిందికి దిగింది. వెర్నా దిగి ముందు నడిచింది. తడి రాయి వాసన, తుప్పు వాసన. కాసేపటికి పొగమంచులో రెండు చేతులే మిగిలాయి. కుడికి... రా... ఇంకా రా...

తర్వాత రెండు వేళ్లతో, పిల్లిని పిలిచినట్టు. రా.

అలా పిలిచేది కోరీ ఒక్కడే. చెయ్యంతా ఊపరా అని తను ఎన్నిసార్లు కసిరాడో. అయినా కాలు అలవాటుగా చేతుల మాటే విన్నది. జీపు ముందుకు పాకింది.

కిటికీ మీద ఎవరో కొట్టారు. వెర్నా.

"ఎవర్ని చూసి నడుపుతున్నావు? దారి కూలిపోయింది, నేనెప్పుడో ఆపమన్నాను," అంది గుసగుసగా. అప్పుడు ముందుకు చూసింది. "కోరీ..."

దారి లేని చోట, గాలిలో, నారింజ రంగు చొక్కా చేతులు పిలుస్తున్నాయి. వాటి కింద గని నోరు.

"ఎక్కు."

"మన పిల్లాడు, ఎల్డన్. పిలుస్తున్నాడు."

"వాడి కాళ్ల కింద నేల లేదు. ఎక్కు."

"రేపు గేటు వేసేస్తారు..."

"వేయనీ."

ఆమెను లోపలికి లాగి తలుపు వేశాడు. వేయనీ అన్నందుకు తన నోటిని తానే అసహ్యించుకున్నాడు. వెనక్కి నడపాలి. వెనక దారి చూపేవాళ్లు లేరు. వెనక చూసే అద్దంలోకి చూశాడు.

అక్కడా నారింజ చేతులు.

ఎడమకి. మెల్లగా. అంచు దగ్గరికి వచ్చినప్పుడల్లా పిడికిలి లేచేది, ఆగు అని. ఒక్క తప్పు లేదు. తను నేర్పింది నేర్పినట్టు. ఎల్డన్‌కి కళ్లు మసకబారాయి. తుడుచుకోలేదు, చేతుల మీంచి చూపు తీయలేదు. మిల్లు పక్కన జాగా వచ్చింది. పిడికిలి లేచింది. ఆపాడు.

"వాడే మనల్ని కిందికి దింపాడు," అన్నాడు. "వెనకే ఉన్నాడు, వెర్నా."

వెర్నా వెనక్కి తిరగలేదు. జీపు ముందు అద్దాన్ని నుదుటితో తాకుతూ ముందుకే చూస్తోంది.

"లేదు. వాడు మన ముందే ఉన్నాడు. ఇందాకట్నుంచీ మన వెంట నడిచి వస్తున్నాడు. ఆగమంటున్నాడు... ఏడుస్తున్నాడు, ఎల్డన్."

వెనక చూసే అద్దంలో పిడికిలి మెల్లగా విచ్చుకుంది. రా... ఇంకొంచెం రా...

మిల్లు జాగా వెనక ఎక్కడ అయిపోయి లోయ మొదలవుతుందో ఎల్డన్‌కి తెలుసు.