లాకుల దగ్గర ఎక్కే పిల్ల

నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్ళే కాలవగట్టు మీద పాత లాకులు ఉన్నాయి. వాటి పక్కనే పెంకులు రాలిపోయిన ఇల్లొకటి. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ బండి ఆపరు. జేబులో ఫోను మోగినా ఎత్తరు. ఎందుకంటే అక్కడ... ఒక పిల్ల ఎక్కుతుంది.

ఒకప్పుడు ఆ లాకులకి కాపలా ఉన్నాయన కూతురట. కాళ్ళకి గజ్జెలు కట్టుకుని పెళ్ళివారి పడవ కోసం గట్టు మీద నిలబడిందట. పడవ ఆగకుండా వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఏమైందో ఒక్కొక్కళ్ళు ఒక్కోలా చెప్తారు గానీ, కాలవలో పడవలు పోయి గట్టు మీద బండ్లొచ్చాక ఆ పిల్ల బండ్లెక్కుతోందన్న మాట మాత్రం అందరూ ఒకేలా చెప్తారు.

ప్రసన్నకుమార్‌కి ఈ కథ చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ఆ దారినే వెళ్ళాలి. అతను రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళు చిలికే ఏరేటర్లు చూసుకుంటాడు. పని దిగి, లాకులు దాటితే వచ్చే ఊళ్ళో రమ్యశ్రీ ఉంటుంది. ఇద్దరికీ పెళ్ళి అనుకున్నారు. రమ్యశ్రీ గుమ్మంలో నిలబడి "వచ్చావా బావా" అంటే చాలు, పొద్దుట్నుంచీ అతని మీద పడ్డ ఎండంతా వెన్నెలైపోయేది.

ఒక సాయంత్రం, మసక చీకట్లో వెళ్తున్నాడు. దారికి రెండు పక్కలా చెరువుల్లో ఏరేటర్లు హోరుమంటున్నాయి. లాకుల దగ్గరికొచ్చేసరికి చెరువులైపోయాయి... హోరాగిపోయింది. ఇరుకు వంతెన కదా అని యాక్సిలేటరు వదిలాడు.

ఘల్... ఘల్... ఘల్...

వెనకాలే. సీటు కిందే.

బండి చిన్నగా కుదిపింది — ఎవరో ఎక్కి, సర్దుకుని కూర్చున్నట్టు.

ప్రసన్నకుమార్ మెడ తిప్పలేదు. మెల్లగా వెళ్తే గజ్జెలూ మెల్లగా మోగాయి. జోరు పెంచితే అవీ జోరందుకున్నాయి. అలా రమ్యశ్రీ ఇంటి దాకా వచ్చి, బండి ఆగాక ఆగాయి.

అరుగు మీద రమ్యశ్రీ అమ్మమ్మ సుబ్బాయమ్మ కూర్చుని ఉంది. ఆవిడకి చూపు తక్కువ, చెవులు మాత్రం పిల్లి చెవులు.

"వెనకాల ఎవరబ్బాయ్?"

"ఎవరూ లేరండి మామ్మగారూ."

"లేకపోతే ఆ గజ్జెలు నువ్వు కట్టుకున్నావా?"

రమ్యశ్రీ అతన్ని గుమ్మం పక్కకి లాగి గుసగుసగా అడిగింది. "బాగుంటుందా?"

"ఎవరు?"

"నీ వెనకాల ఎక్కేది."

"నేను చూడలేదు రమ్యా."

"చూడకుండానే ఎక్కించుకున్నావా బావా..."

ఆ రాత్రి ప్రసన్నకుమార్‌కి నిద్ర పట్టలేదు. భయం సగం, జాలి సగం. పాపం, ఎన్నేళ్ళ నుంచి నిలబడిందో. ఎవరూ ఆపకపోతే ఏం చేస్తుంది మరి.

వాళ్ళమ్మ నాగదుర్గకి జాలేం లేదు. మర్నాటి నుంచీ రోజూ కొడుకు ఇంటికి రాగానే గుప్పెడు కల్లుప్పు తీసి బండి చుట్టూ తిప్పి దిష్టి తీసేది. తీసిన ఉప్పు ఎవరూ తొక్కకూడదని బకెట్టు నీళ్ళలో కరిగించి, పసుపు కలిపి, వెనక చక్రం మీద పోసేది. ఆ పిల్ల కూర్చునేది అక్కడే కదా.

గజ్జెలు తగ్గలేదు. పెరిగాయి.

మెకానిక్ బుజ్జిబాబు దగ్గరికి తీసుకెళ్తే ఆయన వంగి చూసి ముక్కు చిట్లించాడు. "మొన్నే కదా చెయిన్ మార్చాను. ఇంతలోకి ఇంత తుప్పేంటయ్యా, బండి సముద్రంలోంచి తోలుకొస్తున్నావా?" కడిగి, నూనె పోసి, బిగించి ఇచ్చాడు. రెండు రోజులు అంతా నిశ్శబ్దం. తర్వాత మళ్ళీ... ఘల్.

సముద్రంలోంచి అన్న మాట ప్రసన్నకుమార్ మనసులో ఉండిపోయింది. అయితే ఆ పిల్ల కాలవలో మునిగి సముద్రం దాకా కొట్టుకుపోయి, అక్కణ్ణుంచి తడి కాళ్ళతో రోజూ నడిచొస్తోందన్న మాట. అమ్మతో చెప్తే, ఆవిడ ఉప్పు రెండు గుప్పెళ్ళు చేసింది.

చివరికి సుబ్బాయమ్మ తేల్చి చెప్పేసింది. "ఆదివారం ముహూర్తం పెట్టుకోవడానికి పంతులుగారొస్తున్నారు. ఈలోగా ఆ పిల్లని దింపుకుని రా. గజ్జెల చప్పుడుతో వచ్చావో, మా పిల్లని ఇవ్వం. ఒక బండి మీద ఇద్దరాడాళ్ళు కుదరదు."

శనివారం వచ్చింది. ప్రసన్నకుమార్ బండి తీశాడు. వెళ్తే చప్పుడు, వెళ్ళకపోతే పెళ్ళి లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే లాకుల దగ్గరికొచ్చి యాక్సిలేటరు వదిలాడు.

ఘల్... ఘల్...

హెడ్‌లైటు వెలుగులో — ఆ పాడుబడ్డ ఇంటి ముందు — తెల్ల చున్నీ వేసుకున్న ఆడపిల్ల. చెయ్యెత్తి ఉంది.

బండి దానంతటదే ఆగిపోయింది. అతని గుండె కూడా దాదాపుగా.

"వెనకాల ఖాళీ ఉందా బావా?"

రమ్యశ్రీ. కొబ్బరినూనె కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి, ఆ సీసా పట్టుకుని నడిచొచ్చేసింది.

"ఇక్కడికెందుకొచ్చావు..." అతను బండి దిగాడు.

"దానితో నాలుగు మాటలు మాట్లాడదామని. ఏదీ, దిగమను."

"బండి ఆగింది కదా. ఆగితే మోగదు."

"అయితే ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. తోసుకుంటూ నడువు."

అతను తోశాడు. చీకట్లో, చల్లారిన బండి పక్కన... ఘల్... ఘల్... ఇంకెవరో నడుస్తున్నట్టు.

రమ్యశ్రీ అతని చొక్కా పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది.

"ఆగు. మళ్ళీ తొయ్యి. ఇంజన్ లేకపోయినా మోగుతోందంటే ఇంజన్లోది కాదు. చక్రం తిరిగితేనే మోగుతోంది. స్టాండెయ్యి బావా."

సెంటర్ స్టాండు వేసి, ఫోను లైటు పట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పింది. చెయిన్ ఒక చోట బిర్రుగా లాగుతోంది, కొంచెం తిరిగాక ఉయ్యాలలా వేలాడుతోంది. వేలాడిన చోటల్లా కిందున్న రేకు కవరుకి తగిలి — ఘల్. బిగుసుకుపోయిన లింకు పళ్ళ చక్రం మీదికి రాగానే బండి కుదిపింది, ఎవరో ఎక్కినట్టే.

"ఇదా..." అన్నాడు ప్రసన్నకుమార్. అతని గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది. దారంతా ఏరేటర్ల హోరులో వినపడని చప్పుడు, ఈ నిశ్శబ్దంలోకి రాగానే గజ్జెలైందన్న మాట.

రమ్యశ్రీ చెయిన్ మీద వేలు రాసింది. వేలికి తెల్లగా పొడి అంటుకుంది. వాసన చూసింది. నాలిక చివర పెట్టుకుంది.

"ఉప్పు," అంది. "పసుపు కూడా వేశారు. మీ అమ్మగారు బండికి కూర వండుతున్నారా?"

ప్రసన్నకుమార్ నేల మీద కూలబడ్డాడు. మొదటి రోజు, యాక్సిలేటరు వదలగానే కుదుపిచ్చిన వదులు చెయిన్ తప్ప ఏమీ లేదు. ఆ తర్వాతదంతా అమ్మ దిష్టే.

కాలవ నీళ్ళతో కడిగి, తెల్ల చున్నీతో తుడిచి, కొబ్బరినూనె సీసా సగం చెయిన్‌కి పట్టించారు. లింకులు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. రమ్యశ్రీ వెనకెక్కి కూర్చుంది. బండి ఊళ్ళోకి గాలిలా వెళ్ళింది.

అరుగు మీద సుబ్బాయమ్మ చెవి పక్కకి పెట్టి విని, విని, అడిగింది. "దిగిపోయిందా?"

"దిగిపోయింది అమ్మమ్మా. లాకుల దగ్గరే దింపేశాం," అంది రమ్యశ్రీ, చెయిన్ సంగతంతా చెప్పే ఓపిక లేక.

ముసలావిడ మొహం వెలగలేదు. ముడుచుకుంది.

"చీకట్లో? ఒక్కత్తినీ?"

ఆవిడ అరుగు దిగింది.

"ఆడపిల్లని నడిగట్టు మీద వదిలేసొచ్చాడా ఇతను? రేపు నిన్నూ అలాగే వదిలేస్తాడు. ఇలాంటివాడికా మన పిల్లనిచ్చేది..."

రమ్యశ్రీ నోరు తెరిచేలోగా ప్రసన్నకుమార్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఇప్పుడే వెళ్తానండి మామ్మగారూ. ఎక్కడికెళ్ళాలో అడిగి, జాగ్రత్తగా దింపేసి ఇంటికెళ్తానండి."

సుబ్బాయమ్మ మళ్ళీ అరుగెక్కి కూర్చుంది. "అలాగైతే సరే. రేపు పంతులుగార్ని రమ్మంటాను."

తిరుగు దారిలో లాకుల దగ్గర ప్రసన్నకుమార్ బండి ఆపాడు. మాటిచ్చాడు కదా. చెయిన్ చడీచప్పుడూ లేదు. కాలవ మీద గాలి తప్ప ఏమీ కదలటం లేదు.

అతను సీటు మీద కాస్త ముందుకు జరిగాడు. కొంచెంసేపు ఆగాడు.

"కూర్చున్నారా అండి?" అని మెల్లగా అడిగి, క్లచ్చు వదిలాడు.