చింతపండుతో తోమిన డాలర్

గల్ఫ్‌లోని సీబ్ క్లినిక్‌లో నర్సు మణికుమారి తాపీమేస్త్రి ఇస్తారి వేలికి కట్టు కడుతుంటే, అతని చొక్కా జేబులోంచి ఒక వెండి బిళ్ళ ప్లాస్టిక్ కవర్‌తో సహా జారి ఆమె ఒళ్ళో పడింది.

కట్టు సగంలో ఆగిపోయింది.

"ఎక్కడిదయ్యా ఈ డాలరు?"

"మా సైట్‌ల అమెరికా ఇంజనీర్ ఇచ్చిండు సిస్టర్. గోడ సక్కగ కట్టిన్నని బక్షీసు."

ఆమె కవర్‌ని అంచున పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. "డెబ్బైయొకటో సంవత్సరం. తల కింద ఎస్ అక్షరం కూడా ఉంది, వెండి కలిపిన రకం! మా నాన్న నరసాపురంలో ముప్పై ఏళ్ళుగా నాణేలు పోగేస్తున్నారు, ఇది ఆయన దగ్గర లేదు. కానీ అచ్చేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి. ఒక్క మరకున్నా విలువ పడిపోతుంది."

ఇస్తారి నాణేన్ని చూడలేదు, ఆమె కళ్ళనే చూశాడు. సీబ్‌లో వాన ఎంత అరుదో మణికుమారి నవ్వు అంత అరుదు. అయినా కట్టు వంకతో రోజూ వెళ్ళిన ఆ పది రోజుల్లో అతను పదిసార్లు తడిశాడు.

"వేలు మానింది కదా, మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"లోపల గుంజుతాంది సిస్టర్."

"వేలా, ఇంకేదైనానా?"

పదకొండో రోజు పిడుగు పడింది. శుక్రవారం ఆమె సెలవు మీద ఊరికి వెళుతోంది. పాలకొల్లులో ఓ మాస్టారి సంబంధం సిద్ధంగా ఉందట.

ఘాలాలో పోచన్నతోనూ మిగతా కూలీలతోనూ కలిసి ఉండే రూమ్‌కి వచ్చి, ఆమెకిద్దామని ఇస్తారి డాలరు బయటికి తీశాడు. ఓ పక్క పసుపుపచ్చ మరక కనిపించింది.

"మరకుంటే ఇలువ పోతదన్నది రా పోచన్నా!"

"తోము మరి! మా అవ్వ కంచుచెంబు చింతపండు, బూడిద పెట్టి తోముతది. అద్దమే అయితది!"

గంటసేపు తోమాడు. అద్దమే అయింది.

శుక్రవారం టాక్సీ దగ్గర అది చేతిలో పెట్టగానే మణికుమారి కెవ్వుమంది.

"ఎవడు చేశాడీ పని?"

"నేనే. మరకుంటే..."

"మరకని కడగమన్నానా? అసలు మెరుపు పోయి గీతలు మిగిలాయి! ఇక ఎవరైనా వెండి తూకానికి కొనాల్సిందే, పిచ్చిమాలోకం!"

"నీకియ్యనీకి నాకాడ ఇంకేమున్నది సిస్టర్? గా మాస్టర్ని చేసుకుంటవని భయమైంది. జర మంచిగ కనవడాలని గంటసేపు తోమిన."

టాక్సీవాడు హారన్ మోగించాడు.

"ముందు ఆ సిస్టర్ అనడం మానెయ్," అని, ఆమె డాలరు పర్సులో వేసుకుని కారెక్కింది.

నెలకి మణికుమారి ఉత్తరం వచ్చింది. ఇస్తారికి చదువు రాదు. పోచన్న మంచమెక్కి, రూమ్‌లో అందరికీ వినబడేలా చదివాడు.

"నాన్న భూతద్దం పెట్టి చూసి తల బాదుకున్నారు. ఏ బుద్ధిలేనివాడు తోమాడని అడిగారు. నాకోసం గంటసేపు తోమాడని చెప్పాను. ఆ మాటకి భూతద్దం పక్కన పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే పాలకొల్లు వాళ్ళకి వద్దని కబురు పంపారు. ఈ డాలరు మాత్రం తన ఆల్బంలో పెట్టరట. పాడుచేసినవాడే వచ్చి తీసుకెళ్ళాలట. దాంతోపాటు నన్నూనట."

ఇస్తారి ఒక్క ఉదుటున వంటగట్టు దగ్గరికి పోయి, చింతపండు డబ్బాని గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు.