చిప్పు తిప్పలు

“షిప్పు పోయింది సార్! మా బాబ్జీ మునిగిపోయాడు!”

అలాగని అసిస్టెంటు షెరిన్ చెవికి వినబడింది. దీవిలోని డిగ్నాబాద్ పేటలో డిటెక్టివ్ సత్యవేదం గది గుమ్మంలో కాసులమ్మ కూలబడగానే, షెరిన్ ఓడలాగే ఫీనిక్స్ బే జెట్టీకి ఫోన్ కలిపి, ఏ షిప్పు మునిగిందని అడిగేసింది కూడా.

“షిప్పు కాదమ్మా, చిప్పు!” కాసులమ్మ తల బాదుకుంది. “సత్యారావు పడవ జీపీఎస్‌లోది. ముప్పై ఏళ్లుగా చేపలెక్కడ పడతాయో అన్నీ అందులోనే ఉన్నాయంట. ఆ పడవలో పనిచేసే మా అబ్బాయే దొంగని ఆయన ఫోన్లో ఏఐ చెప్పిందంట! నాలుగింటికి పోలీసు కంప్లైంటు ఇస్తాడంట. ఎల్లుండి మావోడు షిప్పులో ఖలాసీగా చేరాలి సార్. కేసు పడితే ఎవరు చేర్చుకుంటారు? రెండ్రోజులై ముద్ద ముట్టలేదు. గోడకేసే చూస్తన్నాడు.”

అప్పటికి మూడయింది.

జాలర్లుండే జంగ్లీఘాట్‌లో సత్యారావు ఇల్లు చేపల వాసనతోనూ, యజమాని గొంతుతోనూ నిండి ఉంది. “పక్కా సార్! ఆఖర్న పడవ కట్టింది బాబ్జీయే. ఏఐ ఐదు కారణాలు చెప్పింది, నంబర్లేసి మరీ!”

భార్య గవరమ్మ పరోటాలు తెచ్చి పెట్టింది. “తినండి సార్. మూడ్రోజులై మావోడే హోటల్నించి తెస్తన్నాడు. అమ్మకి రెస్టంట!”

ఆ మావోడు, డిగ్రీ చదివే రాజ్‌కిరణ్, బియ్యం డ్రమ్ము మూత మీంచి దిగలేదు. మోచేతుల దాకా తెల్లగా ఉంటే, పౌడరు ప్రియుడనుకుంది షెరిన్.

“ఏఐని ఏమని అడిగారు?” అన్నాడు సత్యవేదం.

సత్యారావు ఫోన్ చూపించాడు. *బాబ్జీయే దొంగ కదా? కారణాలు చెప్పు.*

సత్యవేదం దాని కిందే ఏదో టైపు చేసి తిరిగిచ్చాడు. *సత్యారావే దొంగ కదా? కారణాలు చెప్పు.* జవాబు వచ్చింది. ఐదు కారణాలు. నంబర్లేసి మరీ.

షెరిన్‌కి నవ్వొచ్చింది కానీ, గడియారాన్నే చూస్తున్న కాసులమ్మ కళ్లు చూసి మింగేసింది. నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

బాబ్జీని పిలిపించి అందర్నీ ఒకచోట నిలబెట్టాడు సత్యవేదం. “తెలుగువాళ్లింట్లో మూడు రోజులు అన్నం వండలేదంటే, ఎవరికన్నా ఒంట్లో బాగోకైనా ఉండాలి, బియ్యం లేకైనా ఉండాలి. ఇక్కడ అందరూ బాగున్నారు. డ్రమ్ము తట్టి చూస్తే నిండుగా ఉంది. దాని మీంచి దిగు బాబూ, అందులో ఏముందో చూద్దాం. గవరమ్మగారూ, చేట పట్రండి.”

ఏడో చేటలో బియ్యంతోపాటు నల్లటి గోరంత ముక్క టప్పున రాలింది. చిప్పే!

రాజ్‌కిరణ్ ఏడ్చేశాడు. “ఫ్రెండ్స్‌కి చూపిద్దామని తీశా, నీళ్లలో పడింది. తడిస్తే బియ్యంలో పెట్టమంది ఏఐ. మళ్లీ మోచేతుల దాకా పెట్టి ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ వండేస్తుందేమోనని పరోటాలు...”

“అరే, మూటకట్టి పెట్టొచ్చు కదరా!”

“అది చెప్పలేదు నాన్నా.”

“మీకేమో తీర్పు ముందే వచ్చేసింది, ఏఐ చేత తలూపించారు,” అన్నాడు సత్యవేదం సత్యారావుతో. “మీవాడికి సొంత తీర్పే లేదు, అదేమంటే అది చేశాడు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించే ఓపిక ఇద్దరికీ లేదు. మధ్యలో నలిగింది బాబ్జీ.”

సత్యారావు బాబ్జీ ముందుకొచ్చాడు. అలవాటుగా ఫోన్ తీసి, “క్షమించమని ఎలా...” అంటూ ఏఐని అడగడం మొదలెట్టాడు.

కాసులమ్మ ఆ ఫోన్ లాక్కుని డ్రమ్ములో పడేసి మూత పెట్టింది. “నోటితో అడుగు బాబూ.”

సత్యారావు తడబడుతూనే అడిగాడు. గవరమ్మ మాత్రం ఆ చేటలోని బియ్యమే కడిగి పొయ్యి మీద పెట్టింది, బాబ్జీ తినేదాకా ఎవర్నీ కదలనివ్వనంటూ.