ఆదివారం ఆబిడ్స్ మెట్ల మీద

ఆ ఆదివారం పొద్దున మబ్బు పట్టింది గాని, అది కురిసే మబ్బు కాదు. పడమటి గాలి దాన్ని నాంపల్లి స్టేషన్ మీదుగా మూసీ వైపు తోసుకుపోతోంది. పుస్తకాలు పరవచ్చు అనుకున్నాడు ఏజెంట్ బీరయ్య.

గళ్ల లుంగీ, మాసిన బనియన్, సంచి నిండా పాత పుస్తకాలు. వాటిలో ఒక మెడికల్ గైడ్ అట్టలో కెమెరా.

ముందురోజు లక్డీకాపూల్‌లో చీఫ్ లక్ష్మణరావు బ్రీఫింగ్ రెండే నిమిషాలు.

"టార్గెట్ కోరల్‌డాక్ పే. విదేశీ ముఠా. గల్ఫ్ కూలీల పైసలు ఇండ్లకు చేరుస్తమని యాప్ పెట్టిన్రు. లైసెన్స్ లేదు. అడిగితే, అప్రూవల్ అంతా దీవిల అయితది, మీ రూల్స్ మాకు అంటవు అంటున్రు."

"అబద్ధమా సార్?"

"పైసలు కదిలించే కీ, బొటనవేలు ముద్రతో పనిచేసే పెన్‌డ్రైవ్, ఆబిడ్స్‌లనే ఉంది. రేపు పదకొండుకు నాలుగు వేల మంది జీతాలు దాటిస్తరు. దాటినయంటే మళ్ల రావు. కీ ఈడ వాడంగ పట్టుకుంటెనే పైసలు ఆపే ఫ్రీజ్ ఆర్డర్ చెల్లుతది. బ్యాగుల దొరికితే లాభం లేదు."

ఆదివారం ఆబిడ్స్‌లో షట్టర్లు దిగుతాయి, మెట్ల మీద పాత పుస్తకాలు లేస్తాయి. కోరల్‌డాక్ ఆఫీసు షట్టర్ ముందు నర్మద దుకాణం. బీరయ్య పక్కన కూర్చున్నాడు.

"మా ఆయన మస్కట్ నుంచి పంపి పదిహేను దినాలాయె అన్నా," అంది నర్మద. "గీ కోరల్‌డాక్ యాప్ల తిరుగుతనే ఉంది. రేపు ఫీజు కట్టకుంటే బిడ్డకు హాల్ టికెట్ ఇయ్యరట."

బీరయ్య మెడికల్ గైడ్‌ను షట్టర్ వైపు తిప్పి పెట్టాడు. పుస్తకం దుమ్ము దులిపాడు.

పదిన్నర దాటాక నల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర. ఆమె దిగి బీరయ్య పుస్తకాల మీదికి వంగింది.

"పాత అట్లాస్ ఉందా?"

"ఉంది. దీవుల పేజీ చిరిగింది."

కోడ్ కలిసింది. రజని. ముఠాకు నమ్మకమైన మేనేజర్; జీతం అక్కడ, రిపోర్ట్ లక్ష్మణరావుకు.

వెనకే ముఠా లోకల్ హెడ్ శ్రీహరి దిగాడు. ఆఫీసర్లకు సెలవని ఆదివారం ఎంచుకున్నాడు. ఆదివారం ఎన్నడూ ఇటు రాలేదు. షట్టర్‌కు అడ్డంగా పుస్తకాల గుట్ట చూసి నిలబడిపోయాడు.

"ఏయ్, తియ్! షట్టర్ ఎత్తాలె."

"ఆదివారం గీ మెట్లు మాయి సారూ," అంది నర్మద. " పదేండ్ల సంది. సోమవారం రా."

"ఐదు వేలు తీస్కొని జరుగు."

"నీ ఐదు వేలకు నా డిక్షనరీ గూడ జరగదు."

పక్క దుకాణాలవాళ్లు నవ్వారు. టైం పది యాభై ఏడు.

"సార్, ఫోన్ నెట్‌తో ఇక్కడే కానివ్వండి," అంది రజని మెల్లగా. "ఎవరు చూస్తారు? పుస్తకాలవాళ్లే కదా."

శ్రీహరి మెట్టు మీదే కూలబడ్డాడు. ల్యాప్‌టాప్ తెరిచాడు. కీ గుచ్చాడు. తెర మీద అంకెలు: ఐదు, నాలుగు, మూడు. బొటనవేలు కీ మీదికి వంగింది.

రెండు దగ్గర బీరయ్య పిడికిలి ఆ మణికట్టును పట్టేసింది. "ఫ్రీజ్," అన్నాడు బనియన్‌లోని మైకుతో.

"మా సర్వర్ దీవిల ఉంది! మీ చట్టం గాడికి రాదు!"

"సర్వర్ గాడనే ఉండనీ. నీ బొటనవేలు ఈడుంది." బీరయ్య మెడికల్ గైడ్ చూపించాడు. "జర గిటు చూడు, ఫొటో మంచిగ వస్తది."

పోలీసు జీపు శ్రీహరిని తీసుకెళ్లింది. ఆగిన జీతాలు బ్యాంకు నుంచి కూలీల ఇళ్లకు కదిలాయి. ఒంటిగంటకు నర్మద ఫోన్ మోగింది. డబ్బు పడిన మెసేజ్ రెండుసార్లు చదివి, కొంగుతో ముఖం తుడుచుకుని, టిఫిన్ డబ్బా విప్పింది. జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు. రజని కళ్లద్దాలు తీసి మెట్టు మీద కూర్చుంది.

ముగ్గురూ పంచుకుని తిన్నారు. తొక్కు నిప్పులా ఉంది; రహస్యాలు దాచడంలో ఆరితేరిన బీరయ్య, రజని ఆ సంగతి కూడా బయటపెట్టలేదు.